రేపేం జరుగుతుందో తెలిసిన కుక్క

“దీనికి ఏమేం నేర్పిన్రు?” మల్లిని చూసినవాళ్లు అడిగే మొదటి మాట ఇదే. షేక్‌హ్యాండ్ ఇస్తదా, బాల్ తెస్తదా, దొంగొస్తే పట్టుకుంటదా అని వరసగా అడుగుతారు. అవేవీ మేం నేర్పలేదు. పిలిస్తే వస్తుంది. గేటు తీసి ఉన్నా చెప్పేదాకా బయటికి పోదు. తింటున్నప్పుడు పక్కనుంచి ఎవరు నడిచినా ఒకసారి చూసి మళ్లీ తన తిండిలో పడుతుంది. నోట్లో ఉన్నది వదలమంటే వదులుతుంది. ఇంట్లో ఒక్కతే ఉన్నా తలుపులు గీరదు. రోడ్డు మీద బతికి, దెబ్బ తిని, మనిషి చేతికొచ్చిన కుక్కకు ఇది తక్కువ చదువేం కాదు. ఈ చదువు ఎట్లా వస్తుందన్న విషయంలో నల్గొండలో నలుగురూ ఇచ్చే సలహాలతో నాకు అస్సలు పడదు. ఎందుకు పడదో ఒకచోట రాసి పెట్టాలనిపించింది.

నేననేది ఇది. కొత్త ఇంటికొచ్చిన కుక్కకు అన్నిటికంటే ముందు ఆ ఇంటి వరస తెలియాలి. తిండి ఎప్పుడొస్తుంది, తలుపు ఎప్పుడు తెరుచుకుంటుంది, ఎవరు ఎటునుంచి వస్తారు, పైకి లేచిన చెయ్యి నిమరడానికా కొట్టడానికా. ఈ లెక్క తేలేదాకా దాని బుర్రంతా అందులోనే ఉంటుంది, ఇంకో పాఠానికి చోటుండదు. లెక్క తేలితే మిగతా ట్రైనింగ్ సులువు. గొలుసూ కట్టే పట్టుకుని మొదటి రోజు నుంచే దారిలో పెట్టాలనుకునేవాళ్లు ఈ లెక్కను చెడగొడతారు. వచ్చీ రాగానే స్నానం చేయించి, మెడకు గంట కట్టి, చుట్టాలందరినీ పిలిచి ఫొటోలు దిగేవాళ్లు కూడా చెడగొడతారు. వీళ్ల మనసు మంచిదే. కానీ ఆ కుక్కకు తెలిసేది ఒక్కటే, ముక్కూ మొహం తెలియని పదిమంది ఒక్కసారిగా మీదికొచ్చి పట్టుకున్నారని.

మల్లి నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద ఏదో బండి తగిలి, వెనక కాలు విరిగి పడి ఉంటే ఊళ్లో ఇలాంటి జంతువుల్ని చూసుకునే కుర్రాళ్లు కొందరు తెచ్చి కట్టు కట్టించారు. కాలు అతుక్కుంది గానీ కొంచెం కుంటు మిగిలింది. ఏడాది దాటిన ఆడకుక్క. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయినట్టు గుర్తుగా చెవి కొనకు గాటు ఉంది. “మళ్లీ రోడ్డు మీద ఇడిచిపెడితే ఈ కాలుతోని బతకదన్నా” అన్నారు ఆ పిల్లలు. మా అమ్మకు మాత్రం సందేహం. “తెస్తే చిన్న కూనను తేవాలె గానీ, ఇంత పెద్దదాన్ని తెస్తే మన మాట ఇంటదా కొడుకా?”

అమ్మ అడిగింది చాలామంది అడిగేదే. కుక్కపిల్లకు మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకా లోకం తెలుసుకునే వయసు. అప్పుడు చూసిన మనుషులు, విన్న చప్పుళ్లు దానికి జీవితాంతం మామూలుగా ఉంటాయి. ఆ మాట నిజం. పెద్ద కుక్క నేర్చుకోదన్నది మాత్రం ఒట్టి మాట. పైగా పెద్ద కుక్కతో కొన్ని సుఖాలున్నాయి. దాని సైజు, స్వభావం మనకు కళ్లముందే ఉంటాయి. పడుకునే చోట పాడుచేయకూడదని చాలావాటికి ముందే అలవాటు. పళ్లొచ్చే వయసు దాటింది కాబట్టి చెప్పులూ సోఫాలూ కొంతవరకు బతికిపోతాయి. పార్వో లాంటి రోగం చిన్న కూనల్ని రెండు మూడు రోజుల్లో తీసుకుపోవడం చూసినవాళ్లెవరూ పెద్ద కుక్కను తెచ్చుకోవడం తక్కువ పని అనుకోరు. ముద్దుగా ఉన్న కూనలకు ఇల్లు ఎట్లాగూ దొరుకుతుంది. ఏడాది, రెండేళ్లు దాటినవే ఎవరికీ అక్కర లేకుండా ఉండిపోతాయి.

వచ్చిన రోజు మల్లి మా వెనక గదిలో అమ్మ నవారు మంచం కిందికి దూరింది. అక్కడే పాత దుప్పటి పరిచి, నీళ్ల గిన్నె పెట్టి, ఇంట్లో అందరికీ ఒకటే మాట చెప్పాం. మంచం కిందికి చెయ్యి పెట్టొద్దు, వంగి చూడొద్దు, అదే బయటికి రావాలి. స్నానం చేయించలేదు. ఒంటికి రోడ్డు వాసన ఉంటే ఉండనీ అనుకున్నాం. ఆ వాసన ఒక్కటే దానికి ఆ ఇంట్లో తెలిసిన వాసన. చూసిపోతామని వచ్చిన చుట్టాలను ముందు గదిలోనే కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి పంపితే ఒకరిద్దరు ముఖం ముడుచుకున్నారు కూడా. అయినా పంపాం.

ఈ మొదటి రోజుల్లో కుక్క కదలకుండా, అరవకుండా ఉంటుంది. చూసినవాళ్లు “అబ్బ, ఎంత బుద్ధిమంతురాలు” అంటారు. అది బుద్ధి కాదు, భయంతో బిగుసుకుపోవడం. తిండి లేకపోయినా మూతి నాక్కుంటుంది. నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది. తల పక్కకు తిప్పి కంటి తెల్లగుడ్డు కనిపించేలా చూస్తుంది. తోక పొట్ట కిందికి పోతుంది. ఇవన్నీ “నన్ను కాసేపు వదిలేయండి” అని అది చెప్పే తీరు. కొన్ని వారాలకు భయం తగ్గి అసలు కుక్క బయటికొస్తుంది. గేటు చప్పుడుకు మొరుగుతుంది, చెప్పు ఎత్తుకుపోతుంది, గిన్నె దగ్గరికొస్తే గుర్రుమంటుంది. సరిగ్గా అప్పుడే జనం “మొదట్ల మంచిగుండె, ఇప్పుడు మొండికేసింది” అని వదిలించుకుంటారు. నాకు అన్నిటికంటే బాధేసేది ఇదే. అది ఆ ఇంటిని నమ్మి నోరు తెరిచిన రోజునే దాన్ని బయటికి పంపుతారు.

కుక్కల్ని దత్తత ఇచ్చేవాళ్లు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క చెబుతుంటారు. మూడు రోజులు బెదురు తగ్గడానికి, మూడు వారాలు ఇంటి అలవాట్లు పట్టడానికి, మూడు నెలలు ఇది నా ఇల్లే అనుకోవడానికి. కొత్తవాళ్లకు ఓపిక నేర్పడానికి మంచి లెక్కే. కానీ దాన్ని గడువుగా పట్టుకుంటే చిక్కు. దెబ్బలు తిన్న కుక్కకు ఇంకా ఎక్కువ పడుతుంది, కొన్నిటికి ఏడాది కూడా పడుతుంది.

మల్లి కథలో కష్టమైన వస్తువు చీపురు. మా ఇంట్లో పొద్దున్నే అమ్మ తలుపు వెనక నుంచి చీపురు తీసి వాకిలి ఊడుస్తుంది, ముగ్గు పెడుతుంది. చీపురు చేతిలో కనిపించగానే మల్లి నేలకు అతుక్కుపోయేది, ఉన్నచోటే మూత్రం పోసేది. ఎవరో ఎప్పుడో దాన్ని చీపురుతోనో కట్టెతోనో బాగా బాదారు. “చీపురుకు భయపడితే ఎట్లనే, నేనేం చేస్తనే నిన్ను” అని అమ్మ బతిమాలేది. మాటలతో పోయే భయం కాదది.

అమ్మ చేసిన పని చూసి తీరాలి. చీపురును చేత్తో పట్టుకోవడం మానేసి ముందు నేల మీద పడేసింది. మల్లి చీపురు వైపు చూడగానే దాని పక్కన ఉడకబెట్టిన కోడి కార్జం ముక్క ఒకటి వేసి అవతలికి పోయేది. మల్లి చాలాసేపు ఆలోచించి, ఒళ్లంతా వెనక్కి లాగి, మెడ ఒక్కటే ముందుకు చాపి ముక్క అందుకుని పారిపోయేది. అలా కొన్నాళ్లు. తర్వాత చీపురు అమ్మ చేతిలో, కానీ కిందికి దించి, గదికి ఆ మూలన. చీపురు కనిపించగానే ముక్క. తర్వాత నేల మీద ఒక్క గీత ఊడ్చి ఆగడం, ముక్క. మల్లి బిగుసుకున్న రోజు అమ్మ ఒక అడుగు వెనక్కి పోయేది, బలవంతం చేసేది కాదు. ఇప్పుడు తలుపు వెనక చీపురు కదిలిన చప్పుడు వినిపిస్తే మంచం కింద నుంచి తోకాడించుకుంటూ వచ్చి అమ్మ కాళ్ల దగ్గర నిలబడుతుంది. అమ్మ ఇప్పటికీ అప్పుడప్పుడూ ఒక ముక్క వేస్తూనే ఉంది.

అమ్మకు ఈ పద్ధతి పేరు తెలియదు గానీ దీని వెనక పెద్ద శాస్త్రమే ఉంది. రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్లోవ్ జీర్ణక్రియ మీద చేసిన పనికి 1904లో నోబెల్ అందుకున్నాడు. ఆ పనిలోనే తిండి తెచ్చే మనిషి కనిపిస్తే చాలు, తిండి ఇంకా నోటికందకముందే కుక్కలకు చొంగ కారడం గమనించాడు. ముందు వచ్చేది వెనక వచ్చేదానికి కబురు. ఇక్కడ వరస ముఖ్యం. చీపురు ముందు కనిపించి కార్జం తర్వాత రావాలి. అప్పుడు చీపురు మంచి కబురవుతుంది. కార్జం చూపించి దగ్గరికి పిలిచి, తర్వాత చీపురు తీస్తే లెక్క తిరగబడుతుంది. కార్జం వాసన వస్తేనే కుక్క హడలిపోతుంది. స్నానానికి బిస్కెట్ చూపించి పిలిచేవాళ్ల కుక్కలు కొన్నాళ్లకు బిస్కెట్ చూస్తే పారిపోయేది ఇందుకే.

ఇదే పద్ధతి చప్పుళ్లకు కూడా. పొద్దున పాట పెట్టుకుని వచ్చే చెత్త ఆటో, గ్యాస్ సిలిండర్ దొర్లించే చప్పుడు, వినాయకచవితికి డీజే, బతుకమ్మ రోజుల్లో మైకులు. ఆటో వీధి చివర ఉండి పాట సన్నగా వినిపిస్తున్నప్పుడే మొదలుపెట్టాలి, గేటు ముందు ఆగాక కాదు. దీపావళి టపాకాయలకైతే చాలా ముందు నుంచే ఫోన్‌లో ఆ శబ్దాలు చిన్న సౌండుతో పెట్టి అలవాటు చేయాలి. పండుగ రోజు మాత్రం పాఠాలు వద్దు. చీకటి పడకముందే బయటికి తిప్పుకొచ్చి, లోపలి గదిలో తలుపులేసి, ఫ్యానూ టీవీ పెట్టి దగ్గర ఎవరో ఒకరు కూర్చోవాలి. ఆ రాత్రి బెదిరి పారిపోయి దొరకని కుక్కలు ఎన్నో. భయపడుతున్నప్పుడు దగ్గరికి తీస్తే భయం అలవాటవుతుందని చాలామంది చెబుతారు. నేను ఒప్పుకోను. భయం తిండి కోసం వేసే వేషం కాదు, దగ్గర కూర్చుంటే పెరగడానికి. మన పక్కన ఒరిగి కూర్చుంటానంటే కూర్చోనివ్వాలి.

ఇక కట్టె సంగతి. ఎదురింటి పెద్దాయన మంచి మనిషి, నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. “కట్టె భయం ఉండాలె తమ్మీ, లేకుంటే నెత్తినెక్కుతది” అంటాడు. యూట్యూబ్‌లో ట్రైనర్లు ఇదే మాట ఇంకో రకంగా చెబుతారు. కుక్క తోడేలు జాతి, మందలో లీడర్‌కే లొంగుతుంది, నువ్వే లీడరని చూపించు అని. ఈ మాటకు మూలం 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే పరిశోధకుడు జూలో ఉన్న తోడేళ్ల మీద రాసిన పరిశీలన. ఒకదానికొకటి సంబంధం లేని తోడేళ్లను ఒక ఆవరణలో పెడితే పెత్తనం కోసం కొట్టుకున్నాయి. డేవిడ్ మెక్ అనే అమెరికా పరిశోధకుడు 1970లో తన పుస్తకంతో ఈ ఆలోచనకు బాగా ప్రచారం తెచ్చాడు. తర్వాత అడవిలో తోడేళ్లను ఏళ్ల తరబడి చూసి, మంద అంటే మామూలుగా తల్లీ తండ్రీ వాటి పిల్లలే, లీడర్ కోసం కొట్లాటలు దాదాపు ఉండవని 1999లో ఆయనే రాశాడు. రాసినవాడే దిద్దుకున్న మాటను మనం ఇంకా కట్టె పట్టుకుని పాటిస్తున్నాం.

కట్టె అసలు ఏం నేర్పుతుందో చూడండి. ఇంట్లో మూత్రం పోసిందని ముక్కు నేలకు రాసి కొడతారు. అది పోసి అరగంటయింది. కుక్క ఆ దెబ్బను అరగంట కిందటి పనికి కలపలేదు, ఆ నిమిషంలో ఎదురుగా ఉన్న మనిషికి కలుపుతుంది. ఇకముందు మన కళ్లముందు పోయదు, సోఫా వెనక పోస్తుంది. “తప్పు చేసినట్టు దానికి తెలుసు, మొహం చూడు ఎట్ల పెట్టిందో” అనేవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. 2009లో అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే పరిశోధకురాలు దీన్నే పరీక్షించింది. కుక్క తప్పు చేసిందా లేదా అన్నదానితో ఆ మొహానికి సంబంధం లేదని, యజమాని కోప్పడినప్పుడే కుక్క ఎక్కువగా ఆ మొహం పెడుతుందని తేలింది. ఆ మొహం మన కోపానికి జవాబు.

మూత్రం అలవాటు చేయడానికి కట్టెతో పనే లేదు. నిద్ర లేవగానే, తిన్న కాసేపటికి, ఆడుకున్న తర్వాత ప్రతిసారీ ఒకే చోటికి తీసుకుపోవాలి. అక్కడ పోయగానే అక్కడే ముక్క ఇవ్వాలి. ఇంట్లోకి వచ్చాక ఇస్తే లోపలికొచ్చినందుకు ఇచ్చారనుకుంటుంది. లోపల పోస్తే నోరెత్తకుండా తుడవాలి, వాసన మిగలకుండా. అంతే.

గుర్రుమన్నందుకు కొట్టడం ఇంకా ప్రమాదం. గుర్రుమనడం కుక్క ఇచ్చే హెచ్చరిక. ఆ హెచ్చరికను దెబ్బలతో మాన్పిస్తే కుక్క మారదు, హెచ్చరిక ఒక్కటే పోతుంది. “చెప్పా పెట్టకుండా కరిసింది” అంటారే, అలాంటి కుక్కల్లో కొన్నిటికి చెప్పడం మనుషులే మాన్పించారు. మల్లి మొదట్లో గిన్నె దగ్గర గుర్రుమనేది. మేం గిన్నె లాక్కోలేదు. దూరంగా నడుస్తూ గిన్నెలోకి ఇంకో మంచి ముక్క విసిరేవాళ్లం. నాలుగు అడుగుల దూరం నుంచి మొదలై గిన్నె పక్క దాకా రావడానికి చాలా రోజులు పట్టింది. మనిషి గిన్నె దగ్గరికొస్తే తిండి పోదు, పెరుగుతుంది అని దానికి లెక్క తేలింది. నోట్లో చెప్పు ఉంటే లాక్కోవడానికి వెంటపడం, కార్జం చూపించి “వదులు” అంటాం. ఇచ్చి పుచ్చుకోవడం తెలిసిన కుక్క దాచుకోదు.

మాటల విషయంలో ఇంట్లో అందరూ ఒక్కటి కావాలి. మా వాడు “సిట్” అంటాడు, అమ్మ “కూసో” అంటుంది, వచ్చిన మా బావ “బైఠో” అన్నాడు. రోజంతా దానితో ఉండేది అమ్మే కాబట్టి “కూసో” ఖాయం చేశాం. “రా”, “ఆగు”, “వదులు”, “కూసో”. ఈ నాలుగూ చాలు. “రా” అని పిలిచి మాత్రం ఎప్పుడూ తిట్టకూడదు, మందు వేయకూడదు, కట్టేయకూడదు. ఆ మాట వినిపిస్తే మంచే జరగాలి. ఒకరోజు గేటు తెరిచి ఉండి ఎదురుగా లారీ వస్తున్నప్పుడు దాని ప్రాణం ఆ ఒక్క మాట మీదే ఆధారపడుతుంది.

మనవైపు కుక్క అంటే గేటు పక్క గొలుసు. ఎండలో, వానలో, జన్మంతా అక్కడే. దీన్ని కాపలా అంటారు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్‌లో, మరీ పొట్టి లేదా బరువైన గొలుసుతో అన్యాయంగా ఎక్కువసేపు కట్టేయడం, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తిప్పకపోవడం రెండూ నేరాలే. చట్టం పక్కన పెట్టినా పని జరగదు. భయమేసిన జంతువుకు ముఖ్యంగా రెండు దారులు, పారిపోవడం, తిరగబడటం. గొలుసు మొదటి దారిని మూసేస్తుంది. దాని ముందు నుంచి పొద్దస్తమానం బళ్లూ మనుషులూ బడిపిల్లలూ పోతూ ఉంటారు, అది ప్రతిసారీ మొరుగుతుంది, వాళ్లు ఎట్లాగూ వెళ్లిపోతారు. మొరిగితే పోతారని నేర్చుకుంటుంది. అలాంటి కుక్క గొలుసు తెగిన రోజు ఏం చేస్తుందో ఎవరూ చెప్పలేరు.

తాడు మాత్రం కావాలి. వీధిలో పెరిగిన కుక్క మెడకు ఎప్పుడూ ఏదీ ఉండదు కాబట్టి తాడు బిగిస్తే ప్రాణం పోతున్నట్టు గింజుకుంటుంది. ఛాతీకి వేసే హార్నెస్ మేలు. ముందు హార్నెస్‌ను దుప్పటి పక్కన పడేసి ఉంచాలి, తర్వాత తినేటప్పుడు కాసేపు వేసి తీసేయాలి, ఆ తర్వాత తేలికపాటి తాడు కట్టి ఇంట్లోనే ఈడ్చుకుంటూ తిరగనివ్వాలి. బయటికి తీసుకుపోతే తొందరపెట్టొద్దు. మేం పానగల్ వైపు ఉదయసముద్రం దిక్కు పోతాం. ప్రతి రాయినీ, ప్రతి తుమ్మచెట్టునూ వాసన చూస్తానంటే చూడనిస్తాం. కుక్కకు ఆ వాసనే ఊరి వార్తలు. తిరిగొచ్చాక ఎంత ప్రశాంతంగా పడుకుంటుందో. ఎండాకాలం నల్గొండ ఎండ సంగతి చెప్పక్కర్లేదు. రోడ్డు మీద మన అరచేతి వెనక భాగం కాసేపు ఆనించి ఉంచలేకపోతే దాని పాదాలూ ఉండలేవు. తెల్లవారకముందు, పొద్దుగూకి రోడ్డు చల్లబడ్డాక, అంతే. ఇంకో సందులో కుక్కల గుంపు ఉంటే ఆ సందు మానేసి చుట్టూ తిరిగి పోవాలి. అవి వాటి ఇలాకాను కాపాడుకుంటున్నాయి. మన కుక్కను ఆ కొట్లాటలోకి నెట్టి ధైర్యం నేర్పుదామనుకుంటే నేర్చుకునేది పిరికితనమే.

తిండి గురించి ఎక్కువ చెప్పను. మొదటి రోజుల్లో ఇంతకుముందు ఏం తిన్నదో అదే పెట్టి మెల్లగా మార్చాలి, లేకపోతే విరేచనాలు పట్టుకుంటాయి. ఉప్పుకారాలు లేని అన్నం, ఉడికించిన కోడిమాంసం, గుడ్డు చాలు. ఆదివారం కూరలోని బొక్కలు మాత్రం వద్దు. ఉడికిన బొక్క చీలికలై గొంతులో, పేగులో దిగుతుంది. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ దానికి విషం. జ్వరమొస్తే మన మాత్రలు వేయొద్దు, పశువుల దవాఖానకే పోవాలి. వేళ్ల సందుల్లో, చెవుల్లో గోమార్లు రోజూ చూసి తీయాలి. అవి తెచ్చే జ్వరం మనవైపు మామూలు, తిండి మానేసి డల్‌గా ఉంటే రక్తపరీక్ష అడగాలి.

నేను ఇదంతా కుక్కల గురించి జనం ప్రశాంతంగా మాట్లాడుకునే రోజుల్లో రాయడం లేదు. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును వీధికుక్కలు చంపేశాయి. ఆ వీడియో చూసిన తల్లిదండ్రులెవరూ మర్చిపోలేరు. ఏడాది తిరక్కముందే, 2024 ఫిబ్రవరిలో, మన మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకుల మండలం పొన్నకల్‌లో ఇరవై దాకా కుక్కల్ని తుపాకీతో కాల్చి చంపారు. పిల్లల్ని కన్నవాళ్ల భయం న్యాయమైనదే, ఆ భయాన్ని నేను తీసిపారేయను. కానీ కాల్చడం దానికి జవాబు కాదు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు చెప్పేదే జవాబు, ఆపరేషన్, టీకా. దాంతోపాటు ఇళ్లలోకి వచ్చే ప్రతి కుక్కకూ బాధ్యత పడే ఒక మనిషి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు వీధికుక్కల కేసులో ఇచ్చిన ఉత్తర్వులో, దత్తత తీసుకున్నవాళ్లు ఆ కుక్క మళ్లీ వీధిలోకి రాకుండా చూసుకోవాలని స్పష్టంగా చెప్పింది. నాకు అది న్యాయంగానే అనిపించింది.

అందుకే నెమ్మదిగా అలవాటు చేయాలన్న నా మాట కుక్క మీద జాలితోనే అంటున్నది కాదు, పక్కింటి పిల్లల కోసం కూడా. ఏ మనిషి ఏం చేస్తాడో తెలియని కుక్క ప్రతి మనిషినీ అనుమానిస్తుంది. కరిచేది ఎక్కువగా ఆ అనుమానంలోనే. “మా కుక్క ఏమనది” అన్నంత ప్రమాదకరమైన మాట ఇంకోటి లేదు. మల్లి ఎంత మెత్తనిదైనా చిన్న పిల్లలతో ఒంటరిగా వదలం. మా సందులో పిల్లలకు కూడా మూడు సంగతులు చెప్పాం. తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు దగ్గరికి పోవద్దు. కౌగిలించుకోవద్దు. దాని వెంటపడొద్దు, పిలిస్తే అదే వస్తుంది, రాకపోతే ఊరుకోవాలి. పిల్లలు ఇవి పెద్దవాళ్లకంటే తొందరగా పట్టుకున్నారు.

రేబిస్ టీకా ఏటా తప్పకుండా వేయించాలి. కూనలకైతే మూడు నెలల వయసులో మొదటిది, తర్వాత డాక్టర్ చెప్పినట్టు. ఏ కుక్కయినా, మన కుక్కయినా కరిస్తే, గీరితే పుండును పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం, పసర్లు ఏవీ పూయొద్దు. వెంటనే సర్కారు దవాఖానకు పోయి సూదులు వేయించుకోవాలి. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు. మధ్యలో ఆపొద్దు. చర్మం తెగి రక్తం వస్తే పుండు చుట్టూ ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ కూడా కావాలి, అడగాలి. రేబిస్ లక్షణాలు మొదలైతే ఇక వైద్యం లేదు. అవి మొదలయ్యేలోపు మాత్రం ఈ సూదులు ప్రాణం కాపాడతాయి.

ఇంట్లో అందరూ పొద్దున పోయి రాత్రికి వచ్చేవాళ్లయితే ఇప్పుడే తెచ్చుకోవద్దు. కాపలా కోసమే అయితే అసలే వద్దు, గేటుకు మంచి తాళం, ఒక కెమెరా కొనుక్కోవడం మేలు. ఇంట్లో ఒక్కరికి గట్టిగా ఇష్టం లేకపోయినా ఆగండి, ఆ ఒక్కరి చిరాకు రోజూ దాని మీద పడుతుంది. తెచ్చుకునేవాళ్లు ముందుగా దాన్ని చూసుకుంటున్నవాళ్ల దగ్గర కూర్చుని అడగండి. దేనికి బెదురుతుంది, ఏం తింటుంది, ఎక్కడ పడుకుంటుంది, మగవాళ్లను చూస్తే ఎట్లా ఉంటుంది, పిల్లలతో ఎప్పుడైనా ఉందా, టీకాల కాగితం ఉందా. వాళ్ల ఫోన్ నంబర్ తీసుకుని పెట్టుకోండి. ఎంత ప్రయత్నించినా కుదరలేదనుకోండి, అలా జరుగుతుంది, అది ఎవరి తప్పూ కాదు. అప్పుడు చెరువు కట్ట మీదో హైవే పక్కనో దించి రావద్దు. ఆ నంబర్‌కు ఫోన్ చేసి, ఇచ్చినవాళ్ల చేతికే తిరిగి ఇవ్వండి. ఇంకో ఇల్లు దొరికేదాకా నాలుగు రోజులు ఆగమంటే ఆ నాలుగు రోజులు ఉంచుకోండి.